కెరటోకోనస్: యువతలో మనం అనుకున్నంత అరుదు కాదు

కంటి వైద్యం పుస్తకాల్లో చాలాకాలం ఒకే లెక్క కనిపించేది. కెరటోకోనస్ అనే జబ్బు సుమారు రెండు వేల మందిలో ఒకరికి వస్తుందని. 2021లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం నుంచి వెలువడిన ఒక అధ్యయనం, ఇరవై ఏళ్ల యువతీయువకుల్లో 84 మందికి ఒకరిలో ఈ జబ్బు ఉందని చెప్పింది. రెండు లెక్కలకీ మధ్య తేడా ఇరవై రెట్లకు పైమాటే. వెయ్యి మంది చదివే కాలేజీని ఊహించుకోండి. పాత లెక్క ప్రకారం అక్కడ ఈ జబ్బున్న విద్యార్థి ఒకరుండవచ్చు, ఉండకపోవచ్చు. కొత్త లెక్క ప్రకారం పన్నెండు మంది ఉంటారు.

ఈ తేడా డాక్టర్లు చూసుకోవలసిన సంగతి, మనకెందుకు అని దాతలు అనుకోవచ్చు. మన సొసైటీ ఏటా పెట్టే కంటి శిబిరాల్లో పిల్లలకు పరీక్షలు చేయించి కళ్లద్దాలు ఇస్తున్నాం. అరుదైన జబ్బయితే శిబిరంలో దాని గురించి ఆలోచించనవసరం లేదు. వందకొకరికి దగ్గరగా ఉండే జబ్బయితే మనం అద్దాలు ఇచ్చి పంపిన పిల్లల్లోనే అది ఉండి ఉంటుంది. పైగా ఇది పదిహేను నుంచి పాతికేళ్ల లోపు పట్టుకుంటే ఆపగలిగిన జబ్బు. ఆ వయసు దాటాక తెలిస్తే అప్పటికే పోయిన చూపును వెనక్కి తేవడం కష్టం.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మన కంటి నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పారదర్శకమైన పొర ఒకటుంటుంది. దాన్ని కార్నియా అంటారు. గడియారం మీద అద్దంలా ఉంటుందని క్లాసులో చెబుతుంటాను. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కంటిలోకి వచ్చే వెలుగును వంచి లోపలి తెర మీద చేర్చే పనిలో మూడింట రెండు వంతులు ఈ పొరదే. అందుకని దాని వంపు నున్నగా, గుండ్రంగా ఉండాలి. కెరటోకోనస్‌లో ఈ పొర మెల్లగా పలచబడి, లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బి, శంఖువు ఆకారానికి వస్తుంది. పేరు కూడా గ్రీకు భాషలో అదే అర్థం. ఇంగ్లండుకు చెందిన జాన్ నాటింగ్‌హామ్ అనే వైద్యుడు 1854లోనే దీన్ని వివరంగా రాశాడు, కాబట్టి ఇది కొత్త జబ్బు కాదు.

ఆకారం మారితే చూపుకు ఏమవుతుందో తెలియాలంటే వంటింట్లోకి వెళ్లి ఒక స్టీలు గరిటె తీసుకోండి. దాని వెనకవైపు మీ ముఖం చూసుకుంటే సాగినట్టు, ఒక పక్కకు లాగినట్టు కనిపిస్తుంది. కెరటోకోనస్ ఉన్నవారికి లోకమంతా కొంచెం అలాగే ఉంటుంది. ఒక అక్షరం వెనక మరో అక్షరం నీడలా కనబడుతుంది. రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చుట్టూ గీతలు చీలినట్టుంటాయి. మామూలు కళ్లద్దం కంటి మొత్తానికి ఒక తీరుగా ఉన్న లోపాన్ని సరిచేస్తుంది. ఇక్కడ లోపం ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటుంది. అందుకే ఎన్ని అద్దాలు మార్చినా ఇంకా ఏదో మసక మిగిలిపోయిందని పిల్లలు అంటారు. ఆ మాటను పెద్దవాళ్లు వేషాలు అని కొట్టిపారేయకూడదు.

ఇక లెక్కల సంగతి. రెండు వేలకొకరు అన్న అంకె ఎక్కడిదంటే, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఓల్మ్‌స్టెడ్ అనే కౌంటీలో 1935 నుంచి 1982 దాకా ఉన్న వైద్య రికార్డుల్లోంచి తీసినది. లక్ష జనాభాకు 54.5 మంది అని తేలింది. ఆ అధ్యయనాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే అందులో లెక్కకొచ్చింది డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు, ఆ డాక్టరు చేతిలో ఉన్న పాత పరికరాలకు చిక్కేంత ముదిరినవాళ్లు. జబ్బు మొదటి మెట్టు మీద ఉన్నవారు ఆ లెక్కలోకి రానే రారు. హాజరుపట్టీ చూసి ఊళ్లో పిల్లలెంతమందో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. బడికి రానివాళ్లు పట్టీలో ఉండరు.

2017లో నెదర్లాండ్స్‌లో మరో దారిలో లెక్క తీశారు. 10 నుంచి 40 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 44 లక్షల మంది ఆరోగ్య బీమా వివరాలు చూస్తే 375 మందికి ఒకరని వచ్చింది. ఇదీ డాక్టరు దగ్గరికి చేరినవాళ్ల లెక్కే, కాకపోతే చేరడం సులువైన దేశంలో, మంచి యంత్రాలున్న కాలంలో. అక్కడ కూడా జబ్బు తేలేసరికి రోగి సగటు వయసు 28 ఏళ్లు. జబ్బు మొదలయ్యేది పదమూడు పద్నాలుగేళ్ల తర్వాత ఎప్పుడైనా. ఈ రెండు వయసుల మధ్య ఉన్న ఏళ్లే నాకు ఈ విషయం మొత్తంలో ముఖ్యంగా తోచింది.

పెర్త్‌లో చేసింది వీటికి భిన్నం. రెయిన్ స్టడీ అని అక్కడ ఒక పెద్ద పరిశోధన ఉంది. 1989లో మొదలై, గర్భిణులను చేర్చుకుని, వాళ్లకు పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి అనుసరిస్తూ వచ్చారు. ఆ పిల్లలకు ఇరవై ఏళ్లు వచ్చినప్పుడు, కన్ను బాగోలేదని చెప్పినా చెప్పకపోయినా, 1,200 మందికి పైగా యువతీయువకుల కార్నియాను ముందు వైపూ వెనక వైపూ కూడా కొలిచే కెమెరాతో పరీక్షించారు. వీళ్లు రోగులు కారు, మామూలు జనం. వారిలో నూటికి 1.2 మందికి జబ్బు బయటపడింది. చూడటానికి వెళ్లి చూస్తే కనిపించేది ఇంత అన్నమాట. జబ్బే ఇరవై రెట్లు పెరిగిందని దీన్నిబట్టి అనలేం. మన చూసే తీరు మెరుగైంది.

పెర్త్‌లో పరీక్షించినవారిలో ఎక్కువమంది యూరప్ సంతతివారు. మన ప్రాంతాల సంగతి వేరు. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో 2004లో చేసిన లెక్కలో, అక్కడ స్థిరపడిన ఆసియా కుటుంబాల్లో ఏడాదికి లక్షకు 25 కొత్త కేసులు తేలితే, తెల్లవారిలో 3.3 మాత్రమే తేలాయి. ఆ ఆసియా కుటుంబాల్లో ఎక్కువమంది పాకిస్తాన్ మూలాలున్న ముస్లింలు. సౌదీలో రియాద్ ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు కంటితో సంబంధంలేని కారణాలతో వచ్చిన 6 నుంచి 21 ఏళ్ల వయసువారిని 522 మందిని పరీక్షిస్తే, నూటికి 4.79 మందికి ఉందని 2018లో ప్రచురించారు. అంటే 21 మందికి ఒకరు. మన దేశంలో నాగపూర్ దగ్గరి పల్లెల్లో ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షించిన అధ్యయనం 2009లో నూటికి 2.3 అని చెప్పింది. ఈ చివరి అంకెను మాత్రం కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. అక్కడ కార్నియా వంపు ఎంత నిటారుగా ఉందన్న ఒక్క కొలతనే ప్రమాణంగా పెట్టుకున్నారు. పుట్టుకతోనే వంపు ఎక్కువుండే ఆరోగ్యవంతమైన కళ్లు కొన్ని అందులో కలిసిపోయి ఉండొచ్చు. అయినా సగానికి సగం తగ్గించుకున్నా పెర్త్ అంకెకు దగ్గరగానే ఉంటుంది.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వచ్చిన కెరటోకోనస్ రోగుల వివరాలు ప్రచురితమయ్యాయి. వారిలో ఇరవైల వయసువారు, అందులోనూ మగపిల్లలు ఎక్కువ. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే వయసు, ఇంటికి మొదటి జీతం తేవలసిన వయసు అది. ముసలితనంలో వచ్చే శుక్లాలకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఎందుకు వస్తుందంటే ఒక్క కారణం చెప్పలేరు. కొంత వంశపారంపర్యం, కొంత మన అలవాటు. అలవాట్లలో మొదటిది కళ్లు నులుముకోవడం. ప్రపంచంలోని అనేక అధ్యయనాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో, కళ్లు నులుముకునే అలవాటున్నవారిలో ఈ జబ్బు అవకాశం సుమారు మూడు రెట్లు, కుటుంబంలో ఎవరికైనా ఉంటే ఆరు రెట్లు ఎక్కువని వచ్చింది. ఉబ్బసం, చర్మపు ఎలర్జీలున్న వారిలో కూడా ఎక్కువే.

మా బడిలో ఎండాకాలం ముందు నుంచే కొందరు పిల్లలు, ముఖ్యంగా ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మగపిల్లలు, ఎర్రటి కళ్లతో వస్తారు. దురద, జిగురు, వెలుతురు చూడలేకపోవడం. పిడికిలి మడిచి వేలి కణుపులతో గట్టిగా తిప్పి తిప్పి నులుముతారు. అది కార్నియా మీద నేరుగా పడే దెబ్బ. తల్లులు కొట్టి మాన్పించాలని చూస్తారు గానీ దురద తగ్గనిదే చెయ్యి ఆగదు. చేయవలసింది ఎలర్జీకి వైద్యం. చల్లటి నీటిగుడ్డ కంటిమీద వేస్తే అప్పటికి ఉపశమనం ఉంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందుతో మాత్రం జాగ్రత్త. వెంటనే హాయినిచ్చే చుక్కల్లో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు అజమాయిషీ లేకుండా నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు, ఇంకా శుక్లాలు కూడా రావచ్చు.

సుర్మా గురించి కూడా అడుగుతుంటారు. కెరటోకోనస్ కారణాల్లో సుర్మా లేదు. కాకపోతే బజారులో దొరికే సుర్మా చాలావాటిలో సీసం ఉంటుంది, పసిపిల్లలకు పెట్టకపోవడమే మంచిది. కంట్లో మంట పుట్టి నులుముకునేలా చేసేది ఏదైనా, సుర్మా అయినా కాటుక అయినా, ఈ పిల్లలకు వద్దు.

వంశం విషయానికొస్తే, మన ఇళ్లలో మాట్లాడుకోవలసిన ఒక సంగతి ఉంది. 2013లో ఇజ్రాయెల్‌లో అరబ్ విద్యార్థులపై కూడా దృష్టిపెట్టి చేసిన అధ్యయనం ఒకటి, దగ్గరి బంధువులైన తల్లిదండ్రులకు పుట్టినవారిలో ఈ జబ్బు అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని చెప్పింది. ఇందాక చెప్పిన యార్క్‌షైర్ డాక్టర్లు కూడా తమ అంకెల తేడాకు ఇదే కారణం కావచ్చని రాశారు. బాబాయి కూతురు, మామూ కొడుకు సంబంధాలు మనలో మామూలే. మన చుట్టూ ఉన్న హిందూ కుటుంబాల్లోనూ మేనరికాలున్నాయి. దక్షిణాదిన మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ అది. ఎవరి పెళ్లిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. జరిగిపోయిన నిఖా గురించి ఇప్పుడు తర్కించి లాభమూ లేదు. దగ్గరి సంబంధంలో పుట్టిన పిల్లలకు అద్దాల నంబరు పెరుగుతోందంటే అదనంగా ఒక పరీక్ష చేయించండి. నేను చెప్పేది అంతవరకే.

ఇక్కడ ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఉండగా బోర్డు కనబడటం లేదని మూడో బెంచీ నుంచి మొదటి బెంచీకి వచ్చాడు. తండ్రి ఆటో నడుపుతాడు. రెండేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్చారు. ప్రతిసారీ కళ్లద్దాల షాపులోనే పరీక్ష, ప్రతిసారీ నంబరు పెరగడం, ప్రతిసారీ ఫోను ఎక్కువ చూస్తున్నాడని తిట్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో కుడికన్ను అద్దం పెట్టినా మసకగానే ఉంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ కార్నియా పటం తీసి కెరటోకోనస్ అన్నారు. కుడికన్ను అప్పటికే బాగా పలచబడింది. ఎడమ కన్నుకు చికిత్స చేసి నిలబెట్టారు. ఆ మూడు చీటీలు వాళ్లమ్మ దాచిపెట్టింది. నేను చూశాను. స్ఫియర్ అని రాసిన గడిలో అంకె పెద్దగా మారలేదు. దాని పక్కన సిలిండర్ అనే గడిలో అంకె ఒకటిన్నర నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగున్నరకు పోయింది. చదవడం తెలిసినవాళ్లకు ఆ చీటీల్లోనే జబ్బు రాసి ఉంది.

చదివేవారిలో శిబిరాలకు వాలంటీర్లుగా వచ్చేవారు ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. దగ్గరి, దూరపు చూపు లోపాలు స్ఫియర్ గడిలో పడతాయి. కార్నియా వంపు ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ ఉంటే ఆ తేడా సిలిండర్ గడిలో పడుతుంది. చాలామందికి కొంచెం సిలిండర్ పవరు ఉంటుంది, దానితో జీవితాంతం నిక్షేపంగా ఉంటారు. ఏడాదికేడాది అది పెరుగుతూ పోవడం, రెండు కళ్లకూ మధ్య బాగా తేడా ఉండడం, సరైన అద్దం పెట్టినా చార్టులో చివరి వరసలు అందకపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ పిల్లవాణ్ణి అద్దాలిచ్చి పంపేయకూడదు. అట్టముక్కకు చిన్న సూదిబెజ్జం పెట్టి దాంట్లోంచి చార్టు చూపించే పాత పద్ధతి ఒకటుంది. అద్దంతో చదవలేని వరస బెజ్జంలోంచి చదివితే, లోపం కంటి వెనకభాగంలో కాక వెలుగు వంగే దారిలో ఉందని ఒక సూచన. ఖర్చు లేని పరీక్ష.

ఖాయంగా తేల్చేది మాత్రం కార్నియా పటం, టోపోగ్రఫీ అంటారు. 1880లో పోర్చుగల్ దేశపు ప్లాసిడో అనే వైద్యుడు నలుపు తెలుపు వలయాలు గీసిన పళ్లెం ఒకటి తయారు చేశాడు. ఆ వలయాల నీడ కార్నియా మీద పడితే, కన్ను బాగుంటే గుండ్రంగా, లేకపోతే వంకరగా కనిపిస్తుంది. ఇప్పటి యంత్రాల్లో చాలావరకు అదే సూత్రం, కంప్యూటరు తోడైంది. ఎక్కడ ఎంత వంపు, ఎక్కడ ఎంత మందం అన్నది రంగుల్లో వస్తుంది. నొప్పి లేదు, సూది లేదు, కంటికి ఏమీ తగలదు, నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఈ యంత్రం ప్రతి ఊళ్లోనూ ఉండదు. జిల్లా కేంద్రానికో హైదరాబాదుకో వెళ్లాలి. బస్సు ఖర్చు, ఒకరోజు కూలీ పోవడం, ఇవే చాలా కుటుంబాలను ఆపేవి. శిబిరంలో అనుమానం తగిలిన పిల్లలకు మన నిధుల్లోంచి ప్రయాణ ఖర్చులు, స్కాన్ రుసుము ఇవ్వగలిగితే, వంద జతల అద్దాలకంటే ఎక్కువ మేలని నా అభిప్రాయం. అద్దాలు మానేయమని కాదు.

చికిత్స సంగతి తెలిస్తే వయసు గురించి నేను ఎందుకింత చెబుతున్నానో అర్థమవుతుంది. క్రాస్ లింకింగ్ అనే పద్ధతిని 1990ల్లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొందించి 2003లో రోగులపై ఫలితాలు ప్రకటించారు. మత్తు చుక్కలు వేసి, కార్నియా పైపొరను తీసి, రైబోఫ్లేవిన్ చుక్కలు వేస్తారు. అది మన బి2 విటమినే. తర్వాత ఒక కొలత ప్రకారం అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. మొదటి పద్ధతిలో ఈ వెలుగు అరగంట. ఇప్పుడు తక్కువ సమయంలో చేసే పద్ధతులూ వచ్చాయి. దీనితో కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త ముడులు పడి పొర గట్టిపడుతుంది. రెండు మూడు రోజులు నొప్పి, నీరు కారడం ఉంటాయి. ఇది జబ్బును అక్కడికక్కడ ఆపుతుంది. పోయిన ఆకారాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వదు. పైగా పొర మరీ పలచబడిపోయి ఉంటే మామూలు పద్ధతిలో చేయడానికి కుదరదు. కనీసం 400 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదింట నాలుగు వంతుల మందం మిగిలి ఉండాలన్నది మొదటి నియమం.

ముదిరినవారికి గట్టిరకం కాంటాక్ట్ లెన్సులు, తెల్లగుడ్డు మీద ఆనుకుని కూర్చునే స్క్లెరల్ లెన్సులు చూపునిస్తాయి. వీటికి ఖర్చెక్కువ, రోజూ శుభ్రం చేసుకునే ఓపిక కావాలి, కొన్నేళ్లకోసారి మార్చాలి. అదీ కుదరకపోతే కార్నియా మార్పిడి. మిగతా జబ్బులకు చేసే మార్పిడులకంటే కెరటోకోనస్‌కు చేసినవి బాగా నిలుస్తాయి. కానీ దాతల కళ్లు దొరకాలి, ఏళ్ల తరబడి చుక్కలు, తనిఖీలు ఉంటాయి. ఇరవై రెండేళ్ల కుర్రవాడికి అది జీవితాంతం బరువు.

లేసిక్ గురించి ఒక మాట. పెళ్లి సంబంధాల ముందు అమ్మాయిలకు అద్దాలు తీయించాలని, పోలీసు సెలక్షన్లకు అబ్బాయిలు అద్దాలు వదిలించుకోవాలని లేసిక్ కోసం వెళుతున్నారు. లేసిక్ అంటే కార్నియాను కొంత చెక్కి పలచన చేయడమే. బయటపడని కెరటోకోనస్ ఉన్న కంటికి అది చేస్తే జబ్బు వేగంగా ముదురుతుంది. అందుకే ఆపరేషనుకు ముందు కార్నియా పటం తప్పక తీస్తారు. చాలామంది యువతకు తమ జబ్బు సంగతి మొదటిసారి తెలిసేది ఆ బల్ల దగ్గరే. పనికిరాదని చెబితే నిరాశపడి ఇంకో ఆసుపత్రికి పోకండి. ఆ రిపోర్టు పట్టుకుని కార్నియా డాక్టరును కలవండి.

ఇంట్లో ఒకరికి జబ్బు తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికీ ఒకసారి పటం తీయించాలి, వాళ్లకు చూపు బాగున్నా సరే. అమ్మాయి విషయంలో సంబంధాలు తప్పిపోతాయని దాచడం నేను చూశాను. దాచిన రెండేళ్లలోనే కన్ను చెడుతుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు పాత అద్దాల చీటీలన్నీ, పాత అద్దాలు కూడా తీసుకెళ్లండి. నంబరు ఎంత వేగంగా మారిందో డాక్టరుకు వాటివల్లే తెలుస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవారైతే అవి కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మార్చేస్తాయి కాబట్టి, ఎన్ని రోజుల ముందు తీసేయాలో ఆసుపత్రికి ఫోను చేసి అడిగి మరీ వెళ్లండి. జబ్బున్నట్టు తేలని పిల్లలకు కూడా నంబరు కదులుతున్నంతకాలం డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ పటం తీయించాలి. మొదటి స్కాన్ కాగితం అందుకోసం భద్రంగా దాచిపెట్టాలి.